ముఖమున దగిలిన దెబ్బ: మొదటి గంట

కృష్ణవేణియు మూసీనదియు గలియు వాడపల్లి సంగమమున రెండు ప్రాచీన దేవాలయములు గలవు. ఒకటి మీనాక్షీ సమేత అగస్త్యేశ్వరస్వామిది, రెండవది లక్ష్మీనరసింహస్వామిది. అగస్త్యేశ్వర లింగము శిరోభాగమున ఒక గుంట యున్నది. అందలి నీరు ఎన్నడును ఇంకదందురు. బోయవాడొకడు తరుముకొని రాగా ఒక పక్షి శివుని శరణు జొచ్చెననియు, బోయవాని యాకలి తీర్చుటకై తన తలనుండియే మాంసము తీసికొమ్మని శివుడు పలికెననియు, ఆ వ్రేళ్ల గురుతులే యీ గుంటయనియు, గాయమును గడుగుటకు గంగయే దిగివచ్చెననియు స్థలపురాణము. నరసింహస్వామి గర్భాలయమున రెండు దీపములు వెలుగుచుండును. స్వామి ముఖమునకు సరియెత్తున నుండు దీపము ఆయన ఊపిరికి గదలాడుచుండుననియు, పాదములకడ నుండు దీపము నిశ్చలముగా నుండుననియు భక్తులు చెప్పుదురు.

క్షేత్రమాహాత్మ్యము వర్ణించుట యీ వ్యాసమునకు బని గాదు. అయినను ఆ రెండు కథలును మాకు స్మరణకు వచ్చుటకు గారణమున్నది. నార్కట్‌పల్లినుండి అద్దంకి పోవు రహదారి ఈ వాడపల్లికడనే కృష్ణను దాటి పల్నాటిలోని పొందుగుల చేరును. మిర్యాలగూడ బియ్యము, విష్ణుపురము ప్రాంతపు సిమెంటు రాత్రింబవళ్లు ఈ త్రోవనే లారీలపై నడచును. వాని సందులలో మోటారు సైకిళ్లు దూరుచుండును. ఇక్కడికి ఉత్తరమున సూర్యాపేట, కోదాడలమీదుగా హైదరాబాదు-విజయవాడ రహదారి గలదు. దాని రద్దీ చెప్పనక్కరలేదు. ఈ త్రోవలలో పడినవానిని 108 బండి ఏ యాసుపత్రికి జేర్చినను అక్కడ రాత్రి కాపుండు డాక్టరు మొట్టమొదట జూడవలసినది ముఖముకడ ఊపిరి గదలుచున్నదా యని. పిదప జేయవలసినది గాయమును గడుగుట. ఈ రెండింటిని మన డాక్టర్లు నేర్చియే యున్నారు. ఆ రెండింటికి నడుమను, తరువాతను, నోటిలోపల జరుగవలసిన పనులు కొన్ని యున్నవి. వానిని వారికి నేర్పినవారు లేరు. ఇదియే మేము చెప్పదలచిన విషయము.

2022వ సంవత్సరమున మన దేశమందు 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగెననియు, 1,68,491 మంది మరణించిరనియు, 4,43,366 మంది గాయపడిరనియు కేంద్ర రవాణాశాఖ ప్రకటించినది. మృతులలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనములవారే. గాయపడిన నాలుగున్నర లక్షలమందిలో ఎందరి దవడ విరిగెనో, ఎందరి పండ్లు రాలెనో ఆ పట్టికలు చెప్పవు. మోటారు సైకిలునుండి ముందునకు దూలినవాడు చేతులతో నేలనాపుకొనలేకపోయినచో గడ్డముతోనో మూతితోనో ఆపుకొనును. చట్టము హెల్మెట్టు పెట్టుకొనుమన్నది; మనవారు పోలీసు కంటికి జాలునంత టోపీని పెట్టుకొనుచున్నారు. నడినెత్తిని గప్పి గడ్డమును బయట విడిచిన యా టోపీ ప్రాణమును గాపాడవచ్చును గాని ముఖమును గాపాడదు. ప్రాణము దక్కినవారి సంఖ్య పెరిగినకొలది ముఖము చెడినవారి సంఖ్యయు బెరుగుచుండును. దీనిని మనము సంతోషముతోనే యొప్పుకొనవలెను. కాని వారిని చక్కజేయు విద్యయు దానితోబాటు పెరుగవలెను గదా.

ఆ విద్య ఎక్కడ దప్పిపోయినది? మన దేశమున వైద్యుడు వేరు, దంతవైద్యుడు వేరు. చదువులు వేరు, కళాశాలలు వేరు, 1948 నాటి దంతవైద్యుల చట్టము మొదలు పాలకమండలులును వేరు. రోగి నోరు మాత్రము ఒక్కటే. 2019 నుండి అమలైన ఎం.బి.బి.యస్. పాఠ్యప్రణాళికలో దంతవైద్యమునకు అయిదు శీర్షికలు గేటాయించిరి: పుచ్చుపండ్లు, పండ్లు లేని స్థితి, ఎగుడుదిగుడు పలువరుస, నోటి కేన్సరు, చిగుళ్ల వ్యాధి. దెబ్బ తగిలి పన్ను ఊడుట యను శీర్షిక అందు లేదు. అత్యవసర వైద్యమునకు ప్రత్యేకముగా ఎం.డి. పట్టమే మన దేశమున 2009లో గాని గుర్తింపబడలేదు. ఇట్టి లోపము మనకొక్కరికే గలదనుకొనరాదు. పలు దేశములలో అత్యవసర విభాగపు డాక్టర్లను ప్రశ్నించి చూచిన పరిశోధకులు ఇంచుమించు ఒకే ఫలితమును బ్రకటించిరి: గుండెను గూర్చియు తలను గూర్చియు ఎరిగినంత వారు పన్నును గూర్చి యెరుగరు. ఎరుగకపోవుట వారి తప్పు గాదు. అయినను, ఊడిన పన్ను దంతవైద్యుడు వచ్చువరకు కాచుకొని యుండదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

లెక్క వేసి చూతము. వాడపల్లినుండి మిర్యాలగూడకు సుమారు అరగంట ప్రయాణము. నల్లగొండకు గంటకు మించును. హైదరాబాదునకు మూడు గంటలు. దంతవైద్యుని పదవి గల ఆసుపత్రులలోను ఆయన సాధారణముగా పగటివేళ రోగులను జూచి యింటికి బోవువాడు. ప్రమాదములు ఆయన వేళలను జూచుకొని రావు. ఊడిన పన్ను గాలికి ఎండుచు బ్రదుకు కాలము ఒక గంట. పదునైదు నిముషములలో తిరిగి గూటిలో జేర్చినచో నది బాగుగా బ్రదుకును. అరగంటకు ఆశ సన్నగిల్లును. గంట యెండినచో దాని వేరును బట్టియుండిన జీవకణములన్నియు చచ్చినట్లే. హైదరాబాదులో ఎంత గొప్ప దంతవైద్యుడున్నను ఈ పంటి విషయమున ఆయన చేయగలిగినది స్వల్పము. మిర్యాలగూడలో రాత్రి కాపున్న యువ డాక్టరే దానికి విధాత.

సంస్కృతమున పంటికి ద్విజమని పేరు. పక్షి ఒకసారి గుడ్డుగాను, ఒకసారి గుడ్డునుండియు బుట్టినట్లే, పన్నును ఒకసారి పాలపన్నుగా బుట్టి రాలి, రెండవసారి గట్టిపన్నుగా బుట్టును. ఈ నామమును గుర్తుంచుకొన్న డాక్టరునకు సగము శాస్త్రము తెలిసినట్లే. మొదటి జన్మపు పన్ను ఊడినచో దానిని తిరిగి పెట్టరాదు. పెట్టినచో లోపల పెరుగుచున్న రెండవ పంటి మొలకకు హాని. మన యిండ్లలో వాడుక యున్నట్లు దానిని కప్పుమీదికి విసరివేయవచ్చును. రెండవ జన్మపు పన్ను ఊడినచో దానిని తప్పక తిరిగి పెట్టవలెను. ఏలయన దానికి వేరొక జన్మము లేదు. ఆరేడేండ్ల పిల్లవానికి ముందరి పండ్లలో ఏది పాలపన్నో ఏది గట్టిపన్నో పోల్చుకొనుట యొక్కటే ఇందు చిక్కు. పాలపన్ను చిన్నది, తెల్లనిది, వేరు పొట్టిది. గట్టిపన్ను పెద్దది, కొంచెము పసుపు చాయ గలది, క్రొత్తగా వచ్చినచో అంచున ఱంపపు పండ్లవంటి నొక్కులు గలది. ఒకసారి రెండింటిని పక్కపక్కన జూచినవాడు మరల బొరబడడు.

పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడినది గాదు. వేరునకును ఎముకకును నడుమ సన్నని తంతువులు ఊయలత్రాళ్లవలె నుండి దానిని మోయుచుండును. పన్ను ఊడినప్పుడు ఆ త్రాళ్లు తెగి సగము వేరునంటియే వచ్చును. వానిలోని కణములు బ్రదికియున్నంతవరకే పన్ను మరల అతుకును. కావున ఊడిన పన్నును తెల్లని భాగముననే పట్టుకొనవలెను. వేరును ముట్టరాదు, గీకరాదు, తోమరాదు. మట్టి యంటినచో పాలతోనో, సెలైనుతోనో, రోగి యుమ్మితోనో మెల్లగా గడిగి, రక్తపు గడ్డను తొలగించి, గూటిలో సరియైన దిక్కునకు దిప్పి నొక్కవలెను. మడచిన గుడ్డను కొరికిపట్టుమనవలెను. రోగికి స్మారకము లేకున్నను, అంతకంటె ముఖ్యమైన గాయము ప్రాణముమీదికి వచ్చినను, పన్నును పాలలో వేసి పక్కనుంచవలెను. పాలు లేనిచో సెలైను. ఉత్త నీరు మంచిది గాదు. కాని ఎండబెట్టుటకంటె నీరే మేలు. ఇంతకంటె దీనిలో గుప్తవిద్య యేమియు లేదు. టీ కొట్టు లేని రహదారి మన రాష్ట్రములలో ఎక్కడ నున్నది? పాలు లేని టీ కొట్టు ఎక్కడ నున్నది? కాచి చల్లార్చిన పాలైనను పనికివచ్చును. వేడిపాలు మాత్రము కూడదు.

మా యెరుకలోని యొక సంగతి చెప్పుదుము. కొన్నియేండ్ల క్రిందట మా బంధువుల పిల్లవాడు, పదియేండ్లవాడు, సైకిలుమీదనుండి పడెను. పెదవి చీలి, ముందరి పన్నొకటి ఊడెను. తల్లి తెలివి దప్పక ఆ పన్నును వెదకి తీసి, ధూళి తుడిచి, కొంగున ముడివైచుకొని ఒకానొక పట్టణమున ఆసుపత్రికి బరుగెత్తెను. డాక్టరు మంచివాడు. ఓపికతో పెదవిని గుట్టెను. ధనుర్వాతపు సూది వేసెను. అంతయు నైన పిదప తల్లి కొంగుముడి విప్పి పన్ను చూపగా, ఇంక దానితో బని లేదమ్మా, పెద్దవాడైన పిదప కట్టుడు పన్ను పెట్టింపవచ్చునని యాయన ఊరడించెను. ఆమె కొంగుకు బదులు పాలగ్లాసు పట్టియుండినను, ఆయన కుట్టుటకు ముందే నోరు తెరచి చూచియుండినను కథ వేరుగా నుండును. ఎముక యెదుగుచున్న వయసున కట్టుడు పన్నును స్థిరముగా నాటుటకు వీలులేదు. పదునెనిమిదేండ్లు నిండువరకు ఆ పిల్లవాడు చేయి యడ్డము పెట్టుకొని నవ్వుచుండెను. తల్లిగాని డాక్టరుగాని ఇందు నిర్లక్ష్యము చేసినవారు గారు. వారిరువురకును ఒక్క వాక్యము తెలియదు, అంతే.

తిరిగి పెట్టిన పన్నును రెండు వారములు పక్కపండ్లకు మెత్తగా గట్టి యుంచవలెను. బిగుతుగా గట్టినచో వేరు ఎముకకంటుకొని క్రమముగా గరగిపోవును. ఎదిగిన పంటికి రెండు వారములలో లోపలి నరమును దంతవైద్యుడు తొలగింపవలెను. కొన్నిదినములు సూక్ష్మజీవినాశక మందియ్యవలెను, సాధారణముగా అమాక్సిసిల్లిను. టెట్రాసైక్లిను జాతి మందులకు పంటివేరు కరగుటను గొంత అరికట్టు గుణముకూడ గలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ జాతిలో మొదటిదైన ఆరియోమైసిను మన భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధనశాలనుండియే 1948లో వెలువడినది. అయితే ఎదుగుచున్న పండ్లకు అది మచ్చ వేయును గనుక చిన్న పిల్లలకు ఇయ్యరాదు.

మన పూర్వులకు ఇందేమి తెలియునని యడుగువారున్నారు. సుశ్రుతుడు ముక్కు గట్టిన కథ పాఠకులు పలుమార్లు వినియున్నారు, దానిని వదలుదుము. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున భగ్నచికిత్స యను మూడవ యధ్యాయము గలదు. అందలి రెండు సంగతులు అంతగా వ్యాప్తికి రాలేదు. దవడకీలు జారినప్పుడు కాపడము పెట్టి, ఎముకను స్వస్థానమునకు దెచ్చి, పంచాంగియను కట్టు గట్టుమని యొకటి. దెబ్బకు విరుగక కదలిన పండ్లను, యువకుడైనచో, నొక్కి యథాస్థానమున నిలిపి, వెలుపల చల్లని లేపములు పూసి, కలువకాడగుండ పాలు త్రావింపుమని రెండవది. ముదుసలికి కదలిన పండ్లను విడిచిపెట్టుమని యాయనయే చెప్పెను. రోగి వయసును జూచి చికిత్స నిర్ణయించిన యీ వివేకము నేటి శాస్త్రమునకు సమ్మతమే. నమలక ద్రవాహారము పుచ్చుకొనుమనుటయు సమ్మతమే. ఇంతమాత్రముచే నేటి విద్యయంతయు అతనికి దెలియునని చాటుట మా యభిమతము గాదు. ఊడి నేలబడిన పన్నును గూర్చి అతడాచోట చెప్పలేదు. పాలు అతడు రోగికి ద్రాగించెను, మనము పంటిని ముంచుచున్నాము. కాని రెండువేల యేండ్ల క్రిందటి శస్త్రవైద్యుడు దవడను, పన్నును తన పని గాదని మరియొకరికి నెట్టివేయలేదన్నది మాత్రము గమనింపదగినది.

దవడకీలు జారుట ఇప్పటికిని సామాన్యమే. పెద్దగా ఆవులించినను జారును. నోరు తెరచుకొని మూయలేక, చొంగ గార్చుచు, మాటాడలేక రోగి వచ్చును. బంధువులు పక్షవాతమని యేడ్చుచుందురు. డాక్టరు బొటనవ్రేళ్లకు గుడ్డ జుట్టుకొని, క్రింది దవడపండ్ల వెంబడి నుంచి, మొదట క్రిందికిని పిదప వెనుకకును నొక్కినచో కీలు టక్కున గూటిలో బడును. గుడ్డ జుట్టుకొననివాడు తన వ్రేళ్లను గోల్పోవునంత పని యగును. ఈ చిన్న విద్య తెలియక హైదరాబాదునకు వ్రాసి పంపు చీటీల నెన్నిటినో మేము వినియున్నాము.

ఇంక ఊపిరి మాట. దవడ రెండువైపుల విరిగినవానికి నాలుకను ముందునకు బట్టియుంచు ఆధారము పోవును. వెల్లకిల బరుండబెట్టినచో నాలుక వెనుకకు జారి గొంతు మూయును. రక్తమును విరిగిన పండ్లును దానికి దోడగును. మొదటి ప్రపంచ యుద్ధమున కెల్సీ ఫ్రై యను ఆంగ్లేయ దంతవైద్యుడు, అప్పుడు సైన్యమున వైద్యాధికారి, దవడ చెదరిన సిపాయి నొకనిని తల ముందునకు వంచి నడిపించుకొని చికిత్సాస్థానమునకు సజీవముగా దెచ్చెననియు, అచ్చట వానిని డోలీమీద వెల్లకిల బరుండబెట్టగా కొద్దిసేపటికే ఊపిరాడక మరణించెననియు వైద్యచరిత్రలో జెప్పుదురు. ఆ ఫ్రైయే పిమ్మట సిడ్కప్ ఆసుపత్రిలో హరోల్డ్ గిల్లీసుతో గూడి వేలకొలది చెడిన ముఖములను చక్కదిద్దెను. నూరేండ్లు గడచినను మన దారులపై నేటికిని దయగలవారు ముఖము పగిలినవానిని మొదట జేయునది వెల్లకిల బరుండబెట్టుటయే. స్మారకముండి, మెడకు దెబ్బ లేదని తోచినచో వానిని కూర్చుండనిచ్చి ముందునకు వంగనీయవలెను. స్మారకము లేనిచో మెడ కదలకుండ పట్టి పక్కకు దిప్పవలెను. ముక్కునుండి రక్తముతో గూడ తేటనీరు గారుచున్నచో కపాలము అడుగున బీటలు వారెనేమో యని శంకింపవలెను గాని ముక్కులో గొట్టము దూర్పరాదు.

ఊపిరికే అగ్రపీఠమను మాట మన గడ్డమీదనే యొకసారి లోకమునకు చాటబడినది. 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభుత్వపు ధనముతో హైదరాబాదున ఎడ్వర్డ్ లారీ యను వైద్యుడు క్లోరోఫారము కమీషనులు నడిపెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటను వచ్చెను. నాడిని గాక ఊపిరిని గనిపెట్టుడని వారు తీర్పు జెప్పిరి. క్లోరోఫారము గుండెనే నేరుగా ఆపగలదని తరువాత దేలి ఆ తీర్పులో ఒక సగము వీగిపోయినది. ఊపిరిని విడువక కనిపెట్టుడన్న సగము నిలిచియున్నది. వాడపల్లి పూజారి దీపమును జూపి చెప్పునదియు ఇదియే గదా!

ప్రాణభయము లేని చిన్న దెబ్బలే పెద్ద మోసము చేయును. వానిలో మా దృష్టికి అన్నిటికంటె దారుణమైనది పిల్లల గడ్డపు గాయము. నాలుగైదేండ్ల పిల్ల అరుగుమీదనుండి గడ్డము దగులునట్లు పడును. గడ్డము క్రింద ఒక అంగుళము చీలును. డాక్టరు మూడు కుట్లు వేసి పంపును, ఏడవనాడు కుట్లు విప్పును, అందరును మరచిపోవుదురు. కాని గడ్డమున దగిలిన దెబ్బ దవడ వెంబడి ప్రాకి చెవిముందరి కీలును విరుగగొట్టి యుండవచ్చును. కీలులో గారిన రక్తము గడ్డకట్టి క్రమముగా ఎముకయై పుర్రెతో దవడను అతికివేయును. ఏడాదికో రెండేండ్లకో పిల్ల నోరు వ్రేలు పట్టునంత గూడ తెరవలేదు. అన్నము పిసికి పండ్ల సందునుండి దోయవలెను. కీలుకడ నుండు ఎదుగుదల ఆగిపోయి గడ్డము లోపలికి బోవును. ముఖము ఒకవైపునకు వంకర తిరుగును. నిద్రలో ఊపిరి యిరుకగును. అప్పుడు జేయవలసిన శస్త్రచికిత్స పెద్దది, కష్టమైనది, కొన్నిమార్లు మరల మరల జేయవలసినది. మొదటినాడు చేయవలసినదో? చెవుల ముందర వ్రేళ్లుంచి నోరు తెరవుమనుట, తెరచినప్పుడు గడ్డము ఒక ప్రక్కకు బోవుచున్నదా యని చూచుట, అనుమానమైనచో ఎక్సురే తీయించుట, మెత్తని యాహారమిచ్చుచు నొప్పి తగ్గగానే దవడను గదలించునట్లు తల్లికి జెప్పుట, నెలనెలకు రప్పించి నోరెంత తెరచుచున్నదో కొలుచుట. రెండు నిముషముల పరీక్ష. దీనిని జేయనందున మూగవోయిన ముఖములు మన దేశమున నున్నన్ని సంపన్నదేశములలో గానరావు.

ముఖపు టెముకలు విరిగిన గురుతులు కనిపెట్టుటకు గొప్ప యంత్రము లెప్పుడును అవసరము గావు. నీ పండ్లు మునుపటివలె కలియుచున్నవా యని రోగిని అడిగినచో చాలును. వెండ్రుకవాసి తేడాను రోగి నాలుక పట్టును. క్రిందిపెదవి మొద్దుబారెనా? నాలుక క్రింద నల్లగా కమిలెనా? ఒక వస్తువు రెండుగా గనబడుచున్నదా? పైదవడను వ్రేళ్లతో బట్టి కదపగా ముఖమే కదలుచున్నదా? ఫ్రాన్సులో లిల్ నగరపు రెనే లెఫోర్ శవముల తలలపై బరువులు వేసి ముఖము ఏయే రేఖల వెంబడి విరుగునో చూచి 1901లో ప్రకటించెను. నేటికిని ఆ మూడు రేఖలు అతని పేరనే పిలువబడుచున్నవి. ముక్కు లోపలి గోడపై రక్తపు బుగ్గ లేచెనా యనునది టార్చిదీపముతో జూడవలసినది; దానిని వెంటనే చీల్చి వదలకున్నచో రెండు మూడు దినములలో మృదులాస్థి చచ్చి ముక్కు కూలబడును. పెదవిని గుట్టునప్పుడు మొదటి కుట్టు ఎరుపును చర్మమును గలియు గీతకడనే వేయవలెను. ఒక మిల్లీమీటరు తప్పినను జీవితాంతము కనబడును. ఊడిన పండ్ల నెంచి లెక్క సరిచూడవలెను. దొరకని పన్ను రోడ్డుమీదనే యున్నదని యెంచరాదు. పెదవిలోపల కుట్టబడియో ఊపిరితిత్తిలోనో యుండవచ్చును.

ఈ విషయమున న్యాయస్థానపు ముఖము కూడ నొకటి కలదు. 1860 నాటి శిక్షాస్మృతి 320వ సెక్షను తీవ్రమైన గాయములను లెక్కించుచు తల లేక ముఖము శాశ్వతముగా వికృతమగుటను, ఎముకగాని పన్నుగాని విరుగుటను లేక స్థానము దప్పుటను అందు జేర్చెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనును అట్లే జేర్చినది. అనగా భార్య చెంపపై కొట్టిన భర్తకు, కూలివాని మూతిపై గుద్దిన కంట్రాక్టరునకు, పడవలసిన శిక్ష ఏడాదికి లోపలనా, ఏడేండ్లవరకా యనునది ఒక పన్ను విరిగెనా లేదా యనుదానిపై నాధారపడియుండును. ఆ సంగతి వ్రాయవలసినవాడు కాజువాలిటీ డాక్టరు. ఆయన నోరు తెరచి చూడక నోటికి దెబ్బ, పెదవి వాపు, సామాన్యగాయము అని యొక పంక్తి వ్రాసినచో న్యాయాధిపతి చేయగలిగిన దేమున్నది? ఏ పన్ను, ఎంత విరిగినది, అది క్రొత్త విరుగుడా పాతదా, ఎంత కదలుచున్నది యనునవి వ్రాయబడవలెను. పుచ్చి రాలుటకు సిద్ధముగా నున్న పన్ను రాలినదని ఇంకొకనిని అన్యాయముగా జైలునకు బంపుటయు తగదు గదా. పేదవాని పన్నునకు ధనవంతుని పంటితో సమానమైన విలువను చట్టమిచ్చెను. సర్టిఫికెట్టులో అది దిగువకు జారరాదు.

మరి ఏమి చేయవలెను? క్రొత్త భవనములు గట్టుడని మేము కోరుట లేదు. 1976లో అమెరికాలోని నెబ్రాస్కా పల్లెసీమలో జేమ్స్ స్టైనర్ అను ఎముకల వైద్యుని విమానము కూలినది. భార్య మరణించెను; పిల్లలకు గాయములు తగిలెను. సమీపపు చిన్న ఆసుపత్రిలో వారికి జరిగిన చికిత్సను జూచి, తాను పొలములో చేతనైనంత చేసినది దానికంటె మేలని యాయన నొచ్చుకొనెను. అచ్చటి డాక్టర్లను దూషించి యూరకొనలేదు. రెండేండ్లలో, 1978లో, పల్లె డాక్టర్లకు కొలదిదినముల శిక్షణక్రమము నారంభించెను. నేడు ప్రపంచమంతట గాయపడినవారి చికిత్స ఆ క్రమముననే సాగుచున్నది. పంటికిని ముఖమునకును అట్టిది ఒక్క దినమున నేర్పవచ్చును. నల్లగొండ, సూర్యాపేటలలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి. వాడపల్లికి వచ్చు రహదారి మొదలుననే నార్కట్‌పల్లిలో కామినేని దంతవైద్య కళాశాల యున్నది. సంవత్సరమున కొకదినము దంతాచార్యుడు కాజువాలిటీకి వచ్చి చూపుటకును, ప్రతి హౌస్‌సర్జను ఒక వారము దంతవిభాగమున గడపుటకును ధనముకంటె ఉత్తరువే ముఖ్యము. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండ్లలో పనిచేయువారికి పాలగ్లాసు మాట చెప్పుటకు ఉత్తరువు గూడ అక్కరలేదు.

ఊడిన పన్నును గట్టుటకు తీగ యేది యని యొక యువ డాక్టరు మమ్మడిగెను. 2020లో అంతర్జాతీయ దంతగాయ సంఘమువారు ప్రకటించిన నియమములలో సన్నని తీగయైనను సరే, మిల్లీమీటరులో నాలుగవవంతునకు మించని నైలాను చేపలదారమైనను సరే యని వ్రాసియున్నది. సంగమపు రేవున వలలు బాగుచేసికొనువారికడ అట్టి దారము కండెలకు కండెలు దొరకును. దానిని పంటికంటించు లేపమును, దానిని గట్టిపరచు నీలిదీపమును దంతవైద్యుని గదిలోనే యుండును. అది తెల్లవారిన పిదపటి మాట. ఆ రాత్రికి డాక్టరు పన్నును గూటిలో నిలిపి, దానిమీదుగా చిగురునుండి చిగురునకు ఒక కుట్టు వేసి, మడచిన గుడ్డను మెల్లగా కొరికిపట్టుమని చెప్పి, పన్ను ఊడిన వేళయు తిరిగి పెట్టిన వేళయు చీటీపై వ్రాసి దంతవైద్యునికడకు పంపిన జాలును.